డ్యూటీ చార్టు చూసి షికారు

భిలాయి-3లో, చరోదాలో, పవర్‌హౌస్ చుట్టుపక్కల ఉన్న తెలుగు ఇళ్ళలో లీవు దొరికితే వెళ్ళేది ఒక్కచోటికే. ఊరికి. శ్రీకాకుళమో, విజయనగరమో, పార్వతీపురమో. పెళ్ళిళ్ళు, సంవత్సరీకాలు, సంక్రాంతి, పొలం కాగితాలు, నాన్నగారి కంటి ఆపరేషను. ఏడాదంతా కూడబెట్టుకున్న లీవు అక్కడే ఖర్చయిపోతుంది. అది తప్పని ఎవరూ అనరు. ముసలివాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారు, వెళ్ళాల్సిందే. కాని మూడేళ్ళ పిల్లకి ఆ ప్రయాణం విహారం కాదు. రైల్లో నిద్ర చెడుతుంది, అక్కడ పదిమంది చేతులు మారుతుంది, ఎవరికి తోచింది వాళ్ళు పెడతారు, తిరిగొచ్చాక వారం రోజులు జలుబు. అమ్మానాన్నలు ఇద్దరూ తన ఒక్కదానితోనే, వేరే పని లేకుండా, నాలుగు గంటలు గడిపిన రోజు ఆ పిల్లకి ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుందో లెక్క వేసుకోండి.

అందుకని ఈ సలహా: చిన్నపిల్లతో షికారుని లీవు మీద వేసుకోవద్దు. డ్యూటీ చార్టు మీద వేసుకోండి. వారంలో వచ్చే ఆఫ్‌లో సగం పూట చాలు. పొద్దున ఏడింటికి బయల్దేరి పదకొండుకి ఇంట్లో ఉండటం, లేదా సాయంత్రం నాలుగింటికి వెళ్ళి ఎనిమిదికి వచ్చెయ్యడం. నెలకి ఒక్కటి కుదిరినా ఏడాదికి పన్నెండు. ఒక్క లీవూ పోదు.

ముందు ఆ ఆఫ్ మీ చేతికి వస్తోందా చూసుకోండి. పర్మనెంటు ఉద్యోగులకి ఈ మాట అక్కర్లేకపోవచ్చు. ఠేకాలో పనిచేసేవాళ్ళకి మాత్రం చెప్పాలి. వారానికి ఒక రోజు సెలవు అనేది యజమాని దయ కాదు, చట్టం ఇచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది, దాని స్థానంలో వచ్చిన కొత్త కార్మిక స్మృతిలోనూ ఉంది. సెలవు రోజున పనికి పిలిస్తే బదులు సెలవు ఇవ్వాలి, అదీ ఆ నెలలోగానీ తర్వాతి రెండు నెలల్లోగానీ. చాలామంది ఈ బదులు సెలవుని లెక్క రాసుకోరు. సూపర్‌వైజర్ ‘చూద్దాంలే’ అంటాడు, నెలలు గడిచిపోతాయి. గోడ క్యాలెండరు మీద ఏ ఆదివారం పనిచేశారో ఎర్ర పెన్నుతో చుట్టి ఉంచండి. అడిగేటప్పుడు తేదీ చెప్పి అడిగినవాడికి దొరికినంత తేలికగా ‘నాకు రావాల్సినవి ఉన్నాయి కదా’ అన్నవాడికి దొరకవు.

స్టీలు ప్లాంటులో షిఫ్టు మనిషైనా, యార్డులో, లోకో షెడ్‌లో రైల్వే మనిషైనా ఒక సంగతి ఒప్పుకోవాలి. నైట్ దిగిన రోజు సెలవు కాదు. కాగితం మీద ఆఫ్ అని ఉంటుంది. ఒంటికి అది నిద్ర బాకీ తీర్చుకునే రోజు. పొద్దున ఇంటికొచ్చి, టీ తాగి, ‘పదండి పదండి’ అని పిల్లని బండి మీద కూర్చోబెట్టుకుని జీఈ రోడ్డు ఎక్కేవాళ్ళని చూస్తూ ఉంటాం. లారీలు, ట్రెయిలర్లు, కోల్ డంపర్లు నడిచే రోడ్డది. రాత్రంతా మేలుకున్న కళ్ళకి పొద్దున తొమ్మిది గంటల వేళ ఎంత మోసకారిదో నైట్ డ్యూటీ చేసిన ఎవరికైనా తెలుసు. ఆ రోజు వెళ్ళాలంటే ఒక్కటే దారి: మధ్యాహ్నం దాకా గది చీకటి చేసుకుని పడుకుని, సాయంత్రం దగ్గర్లోకే, అదీ ఆటోలో.

గూడ్సు నడిపే లోకో పైలట్ల సంగతి ఇంకా వేరు. వాళ్ళకి ఆదివారం ఎక్కడుంటుందో వాళ్ళకే తెలీదు. పీరియాడికల్ రెస్టు నెలకి ముప్ఫై గంటల చొప్పున నాలుగుసార్లు, లేదా ఇరవైరెండు గంటల చొప్పున ఐదుసార్లు అని రూలు. ముప్ఫై గంటల రెస్టుని ఇంట్లోవాళ్ళతో కూర్చుని ఒకసారి గీసి చూడండి. మంగళవారం పొద్దున ఏడింటికి సైన్ ఆఫ్ అయ్యారనుకుందాం. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట దాకా మీది. మంగళవారం పొద్దున నిద్రకి పోతుంది. ఇక మిగిలినవి రెండు పూటలు: మంగళవారం సాయంత్రం, బుధవారం పొద్దున. నన్నడిగితే మంగళవారం సాయంత్రమే మంచిది. బుధవారం పొద్దున తిరిగొస్తే, ఆ మధ్యాహ్నమే కాల్ వచ్చిందంటే పడుకోకుండానే ఇంజను ఎక్కాల్సి వస్తుంది. అది మీ ఒక్కరి ప్రాణానికి సంబంధించిన సంగతి కాదు.

పిల్ల గడియారం కూడా చార్టు పక్కన పెట్టుకోవాలి. ఒకటి రెండేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ళవాళ్ళకి 10 నుంచి 13 గంటలు నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీ పిల్ల మధ్యాహ్నం పన్నెండింటికి పడుకునే అలవాటుదైతే పదకొండున్నరకి ఇల్లు చేరేలా చూసుకోండి, లేదా ఆ పన్నెండింటికి రైల్లో, ఆటోలో మీ ఒళ్ళో ఉండేలా చూసుకోండి. టిక్కెట్ క్యూలో ఉండకూడదు. షికార్లో పిల్ల ఏడిస్తే ‘మొండిది’ అంటాం కాని నూటికి తొంభై సార్లు అది ఆకలో, నిద్రో, ఉచ్చో. ఒక పూటకి ఒకే చోటు. ‘ఎలాగూ వచ్చాం కదా, అదీ చూసేద్దాం’ అనే మాట నోట్లోంచి వచ్చిందంటే ఆ పూట చెడిందన్నమాటే.

ఇప్పుడు చోట్లు. భిలాయి-3 వాళ్ళకి అన్నిటికన్నా దగ్గరది, అన్నిటికన్నా తక్కువమంది వెళ్ళేది దేవబలోదా శివాలయం. రాయపూర్ వైపు లోకల్ ఎక్కితే భిలాయి తర్వాత వచ్చే స్టేషన్ పేరే దేవబలోదా చరోదా. కలచురి రాజుల కాలంలో, 13, 14 శతాబ్దాల్లో కట్టిన రాతి గుడి. పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. శివరాత్రికి జాతర జరుగుతుంది, ఆ రోజు అడుగు పెట్టడానికి సందుండదు. మామూలు రోజు పొద్దున వెళితే ప్రశాంతంగా ఉంటుంది. మండపం స్తంభాల మీద నాట్యం చేసేవాళ్ళు, వాద్యాలు వాయించేవాళ్ళు, దేవతలు. పిల్ల ఎత్తులో ఉన్న బొమ్మ దగ్గర కూర్చోండి, ‘ఈయన ఏం వాయిస్తున్నాడు?’ అని అడగండి. జవాబు ఏదైనా ఫరవాలేదు. గుడికి శిఖరం లేదు. దానికి ఇక్కడివాళ్ళు ఒక కథ చెబుతారు. శిల్పి ఆరునెలల రాత్రి పొడుగునా ఒంటి మీద బట్ట లేకుండా పనిచేసేవాడట. రోజూ భార్య అన్నం తెచ్చేదట. ఒకరోజు ఆమెకి బదులు అతని చెల్లెలు వచ్చేసరికి సిగ్గుతో గుడి పైనుంచి పక్కనున్న కుండంలోకి దూకేశాడట, పని అక్కడితో ఆగిపోయిందట. చిన్నపిల్లకి ఈ కథలో ముప్పావు మింగేసి, ‘అన్నం తినడానికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు’ అని చెబితే సరిపోతుంది.

ఆ కుండమే జాగ్రత్తగా చూసుకోవాల్సింది. మెట్లు దిగి నీళ్ళ దాకా వెళ్ళొచ్చు. రాయి పాచి పట్టి ఉంటుంది. గుళ్ళోకి వెళ్ళేటప్పుడు పిల్ల చెప్పులు విప్పుతాం, పాదాలు తడిగా ఉంటాయి. ‘పిల్లని ఎవరు పట్టుకున్నారు?’ అన్న ప్రశ్నకి ఎప్పుడూ ఒక పేరు ఉండాలి. ఇద్దరు ఉన్నప్పుడు ‘నువ్వు చూస్తున్నావనుకున్నాను’ అనేది చాలా తేలికగా జరుగుతుంది. ‘ఇప్పుడు నీ వంతు’ అని నోటితో చెప్పి అప్పగించండి. యార్డులో సైన్ ఆన్, సైన్ ఆఫ్ చేసేవాళ్ళకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

వెళ్ళే దారిలో, వచ్చే దారిలో గూడ్సు బళ్ళు కనిపిస్తాయి. మార్షలింగ్ యార్డు పక్క ఊళ్ళో పుట్టిన పిల్లకి బోగీలు లెక్కపెట్టడం కన్నా పెద్ద ఆట ఉండదు. ఫుట్ ఓవర్‌బ్రిడ్జి మీద నిలబడి లెక్కపెట్టించండి. పట్టాలు దాటించి మాత్రం చూపించకండి. రైల్వే వాళ్ళ పిల్లలే పట్టాల దగ్గర ఎక్కువ ధైర్యం చేస్తారు. ఇంట్లో నాన్నని చూసి నేర్చుకున్నదే అది.

రెండోది మైత్రీబాగ్. దీన్ని గురించి భిలాయి వాళ్ళకి కొత్తగా చెప్పేదేముంది అనుకోవచ్చు. ఉంది. సోవియట్ సాయంతో కట్టిన ప్లాంటు ఇది. 1955లో ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభం. ఆ స్నేహానికి గుర్తుగా 1972లో మరోదా వైపు స్టీలు ప్లాంటే ఈ తోట పెట్టింది. జూ, చెరువు, టాయ్ ట్రెయిన్, మ్యూజికల్ ఫౌంటెన్ అన్నీ ఒకే ప్రహరీలో ఉంటాయి. అందులోనే చిక్కు కూడా ఉంది. మూడేళ్ళ పిల్లని గేటు నుంచి చివరి దాకా నడిపించి, అన్ని జంతువులనీ చూపించి, పడవ ఎక్కించి, రైలెక్కించి, ఫౌంటెన్ కోసం చీకటి పడేదాకా ఆపాలని చూస్తారు. తెల్లపులి దగ్గరికి చేరేసరికి పిల్ల నాన్న భుజం మీద నిద్రపోతూ ఉంటుంది. మైత్రీబాగ్‌ని ముక్కలు చేయండి. ఒకసారి పులులు, కోతులు. ఇంకోసారి టాయ్ ట్రెయిన్, జారుడుబండ. ఫౌంటెన్ చూడాలనుంటే మధ్యాహ్నం ఇంట్లో బాగా పడుకోబెట్టి, నేరుగా సాయంత్రమే వెళ్ళండి. జంతువులు పొద్దున, చల్లని వేళ కదులుతూ ఉంటాయి, మధ్యాహ్నం నీడకి చేరి పడుకుంటాయి. నైట్ షిఫ్టు మనుషుల్లాగే. వారంలో ఏ రోజు మూసి ఉంటుందో, ఫౌంటెన్ ఏ రోజుల్లో నడుస్తుందో బయల్దేరే ముందు కనుక్కోండి. ఆఫ్ మారుతూ ఉండే ఉద్యోగులకి ఈ ఒక్క ఫోను చాలా ఏడుపులు తప్పిస్తుంది. వారం మధ్యలో ఆఫ్ రావడం దురదృష్టమని అందరూ అంటారు కదా, మైత్రీబాగ్ విషయంలో అదే అదృష్టం. ఆదివారం గుంపు ఉండదు.

ఇక సెక్టర్ 5 బాలాజీ గుడి. ఆంధ్ర సాహిత్య సమితి నడుపుతున్నది. దైవదర్శనం సరే, పిల్లకి ఇంకో లాభం ఉంది. బయట బడిలో, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ వింటూ పెరిగే పిల్ల, అమ్మానాన్న కానివాళ్ళు కూడా తెలుగు మాట్లాడతారని అక్కడ చూస్తుంది. సాయంత్రం ఓ గంట చాలు. దీన్ని షికారు కింద లెక్కేయొచ్చా అంటే, ప్రసాదం ఉన్న ఏ చోటైనా పిల్లల లెక్కలో షికారే.

బండి గురించి గట్టిగా ఒక మాట. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లని టూవీలర్ మీద తీసుకెళ్ళాలంటే పిల్లని నడిపేవాళ్ళ ఒంటికి కట్టే సేఫ్టీ బెల్టు ఉండాలి, పిల్ల తలకి సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. 2023 ఫిబ్రవరి నుంచి దేశమంతటా అమల్లో ఉన్న నిబంధన ఇది. నాలుగు దాటిన పిల్లకి పెద్దవాళ్ళలాగే హెల్మెట్ తప్పనిసరి. నడిపేవాళ్ళు కాక వెనక ఒక్కరినే చట్టం ఒప్పుకుంటుంది. ట్యాంకు మీద పెద్దోడు, మధ్యలో చిన్నది, వెనక అమ్మ, అమ్మ చేతిలో సంచి, ఈ లెక్కన జీఈ రోడ్డు మీద కుమ్హారీ వైపు వెళ్ళడం షికారు కాదు. ఆటో డబ్బులు ఎక్కువనిపిస్తే ఇంకో ఇంటివాళ్ళతో కలిసి మాట్లాడుకోండి. అదీ కాకపోతే లోకల్ ఉండనే ఉంది.

నిజానికి లోకలే ఈ ఊరికి ఉన్న పెద్ద సౌకర్యం. దుర్గ్, రాయపూర్ మధ్య నడిచే ప్యాసింజరు బళ్ళు ఇంటి ముందు నుంచే పోతాయి. ఐదేళ్ళ లోపు పిల్లకి టికెట్టు అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండు లోపు వాళ్ళకి మామూలు జనరల్ టికెట్టులో సగం. రిజర్వేషన్‌లో మాత్రం పిల్లకి బెర్తు కావాలంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం. చైర్ కార్ బళ్ళలో ఆ సగం వెసులుబాటు లేదు. ఐదు నిండితే పూర్తి సీటు తీసుకోవాల్సిందే. ఊరెళ్ళేందుకు దుర్గ్-విశాఖ వందేభారత్ ఎక్కేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. 2024 సెప్టెంబరులో ఆ బండి వచ్చాక పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి విశాఖలో ఉంటున్నారు. రాత్రి ప్రయాణంలో పిల్ల నిద్ర పాడవడం తప్పింది. కాని బెర్తు లేని బండిలో రెండేళ్ళ పిల్లని గంటల తరబడి ఒళ్ళో కూర్చోబెట్టుకోవడమూ చిన్న పని కాదు. చేతుల్లో సత్తువ చూసుకుని ఎక్కండి.

రాయపూర్‌లో ఎండాకాలానికీ వానాకాలానికీ పనికొచ్చేది ఘాసీదాస్ మ్యూజియం. 1875లో పెట్టింది, దేశంలోని పాత మ్యూజియాల్లో ఒకటి. కప్పు కింద ఉంటాం. పిల్ల గంటకన్నా ఎక్కువ ఉండదు, ఉండమని బతిమాలకండి. నయా రాయపూర్‌లో రెండున్నాయి: 2006లో తెరిచిన పుర్ఖౌతీ ముక్తాంగన్, 2016లో మొదలైన జంగిల్ సఫారీ. ముక్తాంగన్‌లో బస్తర్ పల్లె ఇళ్ళు, బొమ్మలు, పిల్లలు పరుగెత్తడానికి బోలెడంత చోటు. అయితే అంతా ఎండలోనే, నడక ఎక్కువ. సఫారీలో బస్సు ఎక్కించి ఆవరణల్లోంచి తిప్పుతారు. శాకాహార జంతువులు, ఎలుగుబంట్లు, పులులు, సింహాలు వేరు వేరుగా ఉంటాయి. నాలుగేళ్ళ లోపు పిల్లకి అది డబ్బు దండగ అని నా అభిప్రాయం. బస్సు కోసం ఆగాలి, కిటికీలోంచి ఎక్కడో దూరాన పసుపు రంగు ఏదో కదులుతుంది, నాన్న ‘అదిగో అదిగో’ అంటాడు, పిల్లకి కనపడదు. మైత్రీబాగ్‌లో పది అడుగుల దూరంలో చూసే కోతే ఆ వయసుకి సింహం. అక్షరాలు వచ్చాక సఫారీకి తీసుకెళ్ళండి. ఈ రెండూ భిలాయి-3 నుంచి సగం పూట పని కాదు, పూర్తి ఆఫ్ ఉండి, ముందు రోజు రాత్రి సరిగ్గా పడుకున్నప్పుడే.

డోంగర్‌గఢ్ బమ్లేశ్వరి అమ్మవారి దగ్గరికి వెళ్ళని ఇల్లు ఇక్కడ ఉండదు. బొంబాయి లైను మీదే స్టేషను, దుర్గ్ నుంచి సుమారు 60 కిలోమీటర్లు. కొండకి వెయ్యికి పైగా మెట్లు, రోప్‌వే ఉంది. నవరాత్రుల్లో పాదయాత్రగా నడిచేవాళ్ళతో జీఈ రోడ్డంతా నిండిపోతుంది, దారి పొడుగునా పందిళ్ళు వేసి నీళ్ళు, ఫలహారం పెడతారు. చూడముచ్చటగా ఉంటుంది. చిన్నపిల్లకి మాత్రం నవరాత్రులు వద్దు. మొక్కు ఉంటే ఇద్దరిలో ఒకరు వెళ్ళి తీర్చుకు రండి. పిల్లతో మామూలు రోజుల్లో, శీతాకాలం పొద్దున వెళ్ళండి. రోప్‌వే నడుస్తోందో లేదో తెలుసుకోకుండా ‘ఎక్కిస్తా’ అని పిల్లకి మాటివ్వకండి. మరమ్మత్తులో ఉంటే వెయ్యి మెట్లూ మీరే ఎత్తుకుని ఎక్కాలి. కింద కూడా అమ్మవారి గుడి ఉంది, అక్కడ దండం పెట్టుకుని తిరిగొచ్చినా తప్పు లేదు.

గుంపులో పిల్ల తప్పిపోతే ఏం చేయాలన్నది ఇంట్లోనే నేర్పాలి. ఇక్కడ తెలుగు ఇళ్ళకే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. మన పిల్లకి నాన్న పేరు తెలుసు, ‘మీ నాన్న పేరేంటి?’ అంటే టక్కున చెబుతుంది. ‘పాపా కా నామ్ క్యా హై?’ అని యూనిఫాం వేసుకున్న కొత్త మనిషి అడిగితే బిక్కమొహం వేస్తుంది. ఇంట్లో ‘చిన్నమ్మలు’ అనే పిలుపు తప్ప అసలు పేరు అలవాటు లేని పిల్లలూ ఉన్నారు. అందుకని పేరు, నాన్న పేరు, ‘భిలాయి తీన్’ అన్న మాట, ఈ మూడూ హిందీలో చెప్పడం ఆటలాగా నేర్పండి. ఇంకా మాటలు రాని పిల్లైతే చొక్కా లోపలి వైపు ఒక గుడ్డ ముక్క కుట్టి దాని మీద చెరగని పెన్నుతో రెండు ఫోను నంబర్లు రాయండి, జేబులో చీటీ అయితే పడిపోతుంది. బయల్దేరే ముందు గుమ్మంలో పిల్లని ఒక ఫొటో తీయండి. ఆ రోజు వేసుకున్న బట్టలు ఏవో కంగారులో గుర్తురావు. రైళ్ళలో, స్టేషన్లలో 139, ఎక్కడైనా 112, పిల్లల కోసం 1098. మూడూ ఫోనులో ఇప్పుడే ఎక్కించుకోండి.

ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనం అనుకునే రోజుల్నే ఇక్కడ నౌతపా అంటారు. మే చివరి వారంలో మొదలై తొమ్మిది రోజులు. సముద్రం గాలి లేని ఊరు ఇది, కోస్తా ఉక్కపోతకి అలవాటుపడ్డవాళ్ళకి ఈ పొడి ఎండ తీవ్రత తెలియదు. చెమట కనపడదు, ఒంట్లో నీళ్ళు పోతూనే ఉంటాయి. ఏప్రిల్ నుంచి వాన పడేదాకా పిల్లతో పగటి షికార్లు మానెయ్యండి. సూర్యా మాల్‌లో ఓ గంట తిరిగొచ్చినా, సాయంత్రం సివిక్ సెంటర్‌లో ఐస్‌క్రీం తిన్నా చాలు. షికార్లకి అసలు కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆ నాలుగు నెలల్లో ఎక్కువ వెళ్ళి, ఎండల్లో అసలు వెళ్ళకపోయినా నష్టం లేదు. నెలకొకటి అన్నది లెక్క కోసం చెప్పిందే.

సంచిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు ఉంచండి. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్ళలో, 200 మిల్లీలీటర్లు అని ఉంటే అంతే నీళ్ళలో మొత్తం ప్యాకెట్టు కలపాలి. సగం పొడి, అర గ్లాసు నీళ్ళు అని కంటి కొలత పనికిరాదు. అట్టపెట్టెల్లో రంగురంగుల తియ్యటి నీళ్ళు ఓఆర్‌ఎస్ పేరుతో చాలాకాలం అమ్మారు. హైదరాబాద్‌కి చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాలకి ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని తేల్చింది. అయినా కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో లేదో చదవండి. ఆరు నెలలు నిండని బిడ్డకి ఎంత ఎండైనా తల్లిపాలే, విడిగా నీళ్ళు అక్కర్లేదు. కాబట్టి ఎక్కడికి వెళ్ళినా తల్లి కూర్చుని పాలివ్వడానికి నీడా, చాటూ ఉన్న చోటేనా అన్నది ముందు చూసుకోవాలి.

తిండి దగ్గర మగవాళ్ళకి ఒక మాట. షికారంటే చాలా ఇళ్ళలో ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికి లేచి పులిహోర, దద్దోజనం, పూరీలు, పిల్లకి వేరే పప్పన్నం చేసి, గిన్నెలు సర్ది, తిరిగొచ్చాక అవే గిన్నెలు తోమడం. అందరికీ సెలవు, ఆవిడకి ఓవర్‌టైం. సెక్టర్ 9 ఆసుపత్రిలో, బడుల్లో తామూ ఉద్యోగం చేసే ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. సగం పూట షికారుకి వంట దేనికి? పిల్లకి ఒక డబ్బాలో పెరుగన్నం, రెండు అరటిపళ్ళు, నీళ్ళు. పాలతో కలిపి కాస్త పెరుగు తోడేస్తే తినే వేళకి పులియకుండా ఉంటుంది. పెద్దవాళ్ళకి ఈ ఊళ్ళో పొద్దున ఏ మూల చూసినా పోహా జిలేబీ దొరుకుతుంది. పిల్లకి మాత్రం బయట చట్నీలు, కోసి పెట్టిన పళ్ళు, ఐసు వేసిన రసాలు పెట్టకండి. సంచి సర్దడం మగవాళ్ళే చేయండి: మారు బట్టలు రెండు జతలు, తువ్వాలు, టోపీ, ప్లాస్టిక్ కవరు, ఆ పిల్ల వదలని ఆ ఒక్క బొమ్మ. సంచి సర్దినవాడికే పిల్లకి ఏం కావాలో తెలుస్తుంది.

సంవత్సరానికి ఒక్కసారి, లీవు ఒక్కటి ఖర్చు పెట్టగలిగితే చంపారణ్యం వెళ్ళి రండి. రాయపూర్ దాటి రాజిం వైపు. మహానది ఒడ్డున రాజీవలోచన గుడి, పైరీ, సోంఢూర్ నదులు కలిసే సంగమం, అక్కడికి దగ్గర్లోనే చంపారణ్యం. వల్లభాచార్యులు 1479లో పుట్టిన చోటు. ఆయన తల్లిదండ్రులు లక్ష్మణ భట్టు, ఇల్లమ్మ తెలుగువాళ్ళు. కాశీలో అలజడి రేగిందని దక్షిణానికి బయల్దేరితే దారిలో ఈ అడవిలోనే నెలలు నిండకుండా కాన్పు అయిందని, బిడ్డ కదలకపోయేసరికి బతకలేదనుకుని జమ్మిచెట్టు కింద వదిలి వెళ్ళారని, తిరిగొచ్చి చూస్తే చుట్టూ మంట కాపలాగా బిడ్డ ఆడుకుంటూ ఉన్నాడని చెబుతారు. ఐదున్నర శతాబ్దాల కిందట ఈ దారిన చంటిబిడ్డతో నడిచిన తెలుగు జంట కథ అది. గుజరాత్ నుంచి వైష్ణవులు బళ్ళు కట్టుకుని వస్తారు. ఇక్కడే ఉన్న మనం చాలామందిమి చూడలేదు.

చివరిగా డ్యూటీ మార్పిడి గురించి. ఎంత చార్టు వేసుకున్నా పిల్ల పుట్టినరోజో, బడి సెలవో మీ ఆఫ్ రోజున పడదు. అప్పుడు అడగాలి. ముందు రోజు రాత్రి ఫోను చేసి కాదు, వారం ముందు, బదులు ఏం చేస్తారో చెప్పి అడగాలి. ‘అన్నా, వచ్చే ఆదివారం నా సెకండ్ షిఫ్టు నువ్వు చూసుకో, బుధవారం నీ నైట్ నేను చేస్తాను, పిల్లని మైత్రీబాగ్ తీసికెళ్ళాలి’ అంటే కాదనేవాళ్ళు తక్కువ. మాట అయ్యాక ఇన్‌చార్జి చేత చార్టులో రాయించుకోండి. నోటిమాట మార్పిడిలో ఏదైనా ప్రమాదం జరిగితే హాజరు కాగితం మీద ఒకరు, పని దగ్గర ఇంకొకరు ఉంటారు, ఇంటివాళ్ళకి రావాల్సిన నష్టపరిహారం దగ్గర చిక్కులొస్తాయి. తీసుకున్న మార్పిడి తిరిగివ్వడం మరిచిపోయేవాడికి రెండోసారి ఎవరూ ఇవ్వరు, అది వేరే చెప్పక్కర్లేదు.

పిల్లలు పెద్దవాళ్ళయి హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగాల్లో ఉన్న సీనియర్లు ఈ ఊళ్ళో ప్రతి షిఫ్టులోనూ ఉన్నారు. మీకు ఆదివారమైనా గురువారమైనా ఒకటే కదా. నెలకి ఒక్క ఆదివారం చంటిపిల్లలున్న జూనియర్‌కి మార్చి ఇవ్వండి. అడిగితే ఇద్దాంలే అని ఊరుకోకండి, కొత్తగా చేరినవాడు మిమ్మల్ని అడగలేడు.